ఫోటో దిగిన చెల్లెలు

మిట్ట మధ్యాహ్నం!

క్షుద్రశక్తులకు అర్ధరాత్రే అనువైన వేళ అని చెప్పినవాడెవడో గానీ, వాడు పగలంతా నిద్రపోయే బాపతు అయివుండాలి. అసలు భీకరమైన ఘడియ ఇది... మార్తాండుడు నడినెత్తిన నిలబడి నిప్పులు చెరిగే ఘడియ... ప్రతి మనిషి నీడా ముడుచుకుపోయి పాదాల కింద దాక్కునే ఘడియ! ఆ క్షణాన మనిషికి తోడుగా నీడైనా ఉండదు.

మబ్బుతునక లేని ఆకాశంలో ఫెళఫెళమని ఒక ఉరుము ఉరిమింది. ఎదురింటి ఏసీ డబ్బా మీద పట్టపగలు ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. కూయలేదు. మూడో అంతస్తు వంటగది కిటికీలోకి రెప్పవేయకుండా చూస్తూ కూర్చుంది.

ఆ వంటగదిలో ఒక ఆడమనిషి సింకు ముందు నిలబడి గ్లాసులు కడుగుతోంది. గీజరు నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. చేతులు మణికట్టుదాకా ఎర్రగా కందిపోయాయి. ముఖంలో మాత్రం ఏమీ లేదు... నొప్పి లేదు, విసుగు లేదు, తొందర కూడా లేదు.

"ఏయ్! నీకేమైనా పిచ్చా!" అంటూ అక్క పరిగెత్తుకొచ్చి కుళాయి కట్టేసింది.

చెల్లెలు తన చేతుల వంక చూసింది. "కాలాయా?" అని అడిగింది, ఎవరి చేతుల గురించో ఆరా తీస్తున్నట్టు.

ఇంట్లోవాళ్ళు దీన్ని వసపిట్ట అని పిలిచేవాళ్ళంటే మీరు నమ్మరు. పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడేది. కర్టెన్ల షాపులో ఉద్యోగం. కిటికీలు లేనివాడికి కూడా నాలుగు జతలు అంటగట్టి పంపేదని షాపు యజమాని మురిసిపోయేవాడు. పెళ్ళయ్యాక ఎక్కడికీ వెళ్ళలేదని మొగుణ్ణి పోరిపోరి, కొండమీది సరస్సు చూడ్డానికి తీసుకెళ్ళమంది. వెళ్ళేటప్పుడు బస్సు కదిలేదాకా కిటికీలోంచి అమ్మకి జాగ్రత్తలు చెబుతూనే ఉంది. తిరిగొచ్చాక మాత్రం చెప్పులు విప్పి ఒక మూల కూర్చుంది. ఎలా ఉందే సరస్సు అని అమ్మ అడిగితే, "ఉంది" అంది. అంతే!

మొదట కాలివేళ్ళు మొద్దుబారాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత నడుము. డాక్టర్లు సూదులతో గుచ్చిచూశారు, పరీక్షలు చేయించారు, అన్నీ బాగున్నాయన్నారు. అక్క పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. పన్ను పీకేముందు మత్తుసూది పడ్డ పెదవిని రోజూ చూస్తుంది. ఏ మత్తయినా సాయంత్రానికి దిగిపోతుంది. చెల్లెలి మత్తు మాత్రం దిగడం మానేసి పైకి పాకుతోంది. ఇప్పుడు మెడ దాకా వచ్చింది.

ఈలోగా అమ్మ పోయింది. నిద్రలోనే, ఎవరికీ చెప్పకుండా. ఆ రోజు వసపిట్ట వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసింది, మంచినీళ్ళిచ్చింది, ఖాళీ గ్లాసులు తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. అమ్మ ముఖం చూడమంటే చూసింది. మళ్ళీ గ్లాసుల దగ్గరికి వెళ్ళింది. అక్కకి ఏడుపు గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. అమ్మ ఇద్దరికీ అమ్మ. సగం దుఃఖం చెల్లెలి దగ్గర ఉండిపోతే మిగతా సగం ఎలా బయటికి వస్తుంది? అప్పటినుంచీ అక్క క్లినిక్‌కి వెళుతోంది, వస్తోంది, వండుతోంది, తింటోంది. లోపలంతా చప్పబడిపోయింది. ఆమెకి ఒకటే కావాలి... తన చెల్లెలు తనకి తిరిగి రావాలి. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని అమ్మ కోసం ఒక్కసారి ఏడవాలి.

గోడ గడియారంలో ముళ్ళు రెండూ ఒకదానిమీద ఒకటి చేరాయి.

వసపిట్ట ఒళ్ళు కొయ్యబారింది! కనుగుడ్లు పైకి తేలిపోయాయి! తెరిచిన నోట్లోంచి, పెదవులు కదలకుండానే, ఎక్కడో లోతైన నూతిలోంచి వస్తున్నట్టు ఒక స్వరం వెలువడింది...

"దిగుతున్నాను... ఇంకా దిగుతున్నాను..."

ప్రతి మధ్యాహ్నమూ ఇదే మాట. పలవరింతలే అనుకుని అక్క ఇన్నాళ్ళూ ముఖం మీద నీళ్ళు చల్లి పడుకోబెట్టేది. ఇవాళ ఎందుకో భుజాలు పట్టుకుని కుదిపింది. "ఎక్కడికే దిగడం? ఎక్కడికి?"

"నీళ్ళల్లోకి. దిగుతానన్నాగా... చల్లగా ఉంది... రేపు అడుగు తగులుతుందట."

కిటికీ అవతల గుడ్లగూబ అప్పుడు కూసింది! పగటి వెలుగును చీల్చుకుంటూ వచ్చిన ఆ కర్కశ ధ్వనికి బోర్లించిన గ్లాసులు ఖణఖణలాడాయి.

చెల్లెలి మొగుడు డ్యూటీ దిగి అప్పుడే లోపలికొచ్చాడు. సిటీ బస్సులో కండక్టరు. మెడలో విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంది. అక్క అతన్ని కూర్చోనివ్వలేదు.

"ఆ సరస్సు దగ్గర ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పను వదినా? చూశాం, ఫోటో దిగాం, వచ్చేశాం." అని ఆగి, "అంటే, నేను దిగలేదులే. ఆ మలుపులకి కడుపులో దేవేసింది. బస్సులోనే బతికే నాకే తిప్పిందంటే ఆ దారి ఎలాంటిదో చూసుకో. బెంచీ మీద తల పట్టుకు కూర్చున్నా. మీ చెల్లెలొక్కతే దిగింది."

"తీసిందెవరు?"

"అక్కడొక ఫోటోలాయన ఉన్నాడు. పాతకాలం పెట్టె కెమెరా, మూడు కాళ్ళమీద. రబ్బరు బుడ్డి నొక్కితే ఫోటో పడుతుంది. 'దిగుతావా తల్లీ?' అని అడిగాడు. ఇది తలూపింది. అబ్బే, ఒప్పుకోలేదు. తలూపితే చాలదట, నోరు తెరిచి చెప్పాలట. మీ చెల్లెలికి నోరు తెరవమని ఒకరు చెప్పాలా! 'దిగుతాను, దిగుతాను, ఇంకో నాలుగు దిగుతాను' అంది. అప్పుడు నొక్కాడు బుడ్డి."

ఆ 'దిగుతాను'ని అక్క తనలో తాను రెండుసార్లు అనుకుని చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "ఫోటో దిగుతావా అన్నాడా? ఉత్త దిగుతావా అన్నాడా?"

కండక్టరు గుర్తు తెచ్చుకున్నాడు. ముఖంలో రంగు మారింది. "ఉత్త... ఉత్త దిగుతావా అనే అన్నాడు వదినా."

చూశారా ఆ నీచుడి కుతంత్రం! మనవాళ్ళకి ఫోటో కూడా దిగేదే, నీళ్ళూ దిగేవే. చక్కటి చోటు కనిపిస్తే చాలు, దిగుతాం దిగుతాం అని ఎగబడతాం. ఆ ఒక్క మాటనే వాడు ఉచ్చుగా పన్నాడు. నోటిమాట ఒకటి, బుడ్డి నొక్కుడు ఒకటి... రెండూ కలిశాయంటే నీటిలో కనిపించే మనిషి నీడ, ప్రాణంతో సహా, సరస్సు గర్భంలోకి దిగడం మొదలెడుతుంది!

"ఇంకోటి కూడా ఉంది" అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి. "ఆయన బండరాయి మీద నిలబడి తీశాడు. పనయ్యాక, దిగి రండి సార్, టీ తాగుదాం అన్నా. 'వస్తా' అన్నాడు. మీరెప్పుడూ ఫోటో దిగలేదా అంటే మొహం మాడ్చుకుని, 'నేను తీసేవాణ్ణి' అన్నాడు. ఆ మాట ఆయన నోట రాదు."

"రప్పించాలి."

"అది నాకొదిలెయ్. బండి ఆగలేదు దిగొద్దు అని అరవడమే నా ఉద్యోగం. అలా అన్నానో లేదో, 'దిగుతాను, నీకేంటి?' అని మీద పడతారు. పొద్దున్నించీ ఇదే గోల."

అతను నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. అతనూ ఈమధ్య సరిగ్గా నవ్వడంలేదు.

అదే సమయాన...

మేఘమండలాన్ని తాకే గిరిశిఖరాల నడుమ, సరస్సు ఒడ్డున, తలుపులు బిగించిన స్టూడియో చీకటిగదిలో ఎర్రబల్బు వెలుగుతోంది. రుధిరవర్ణపు ఆ కాంతిలో, బల్లమీద పరిచిన నల్లగుడ్డ నడిమధ్యన... ఒక కపాలం! దాని ఎడమ కంటిగుంటలో కెమెరా అద్దం బిగించి ఉంది. కుడి గుంటలో తడి నాచు కదులుతోంది! అది ఫోటోలాయనగా తిరిగే ఆ మాంత్రికుడికి విద్య నేర్పిన గురువుది. శిష్యుడు మొట్టమొదట దించింది ఆ గురువునే.

అంతకంటే ముందు అమ్ముకున్నది మాత్రం తన నీడని! చావులేని ఒళ్ళు కోసం తన ప్రతిబింబాన్ని తనే సరస్సుకు ధారపోశాడు. అప్పటినుంచీ అడుగు తగిలిన ప్రతి నీడా వాడికి కొత్త ఆయువు. గోడకీ గోడకీ కట్టిన తాడుకు క్లిప్పులతో వేలాడుతున్న ఫోటోలు గాలి లేకపోయినా ఊగుతున్నాయి. నవ్వుతున్న జంటలు, భార్యని ఎత్తుకున్న భర్తలు, మనవణ్ణి చంకనేసుకున్న తాతలు. పైన నిలబడ్డ మనుషులు వెలిసిపోతున్నారు. కింద నీటిలోని నీడలు చిక్కబడుతున్నాయి. వసపిట్ట ఫోటోలో పైనున్న బొమ్మకి తల మాత్రమే మిగిలింది.

"హ్రీం... క్రీం... అగాధవాసినీ! రేపటి మధ్యాహ్నానికి ఇది కూడా నీదే! దీని ఆయువు నాదే! హహ్హహ్హా!"

వాడి వికటాట్టహాసానికి ఎర్రబల్బు రెపరెపలాడింది. కపాలం పళ్ళు పటపటా కొరికింది!

మర్నాడు ముగ్గురూ కొండ ఎక్కారు. వసపిట్ట కిటికీ పక్కన కూర్చుని లోయల్ని చూసింది, చూడలేదు. మెలికల దారిలో ఎవరో పిల్లవాడు పాట పాడాడు. అక్క చెల్లెలి చేతిని ఒళ్ళో పెట్టుకుంది. కాలిన చోట బొబ్బలెక్కింది. ఆ చెయ్యి బరువుగా, ఎవరో మరిచిపోయిన సంచీ మాదిరిగా పడి ఉంది. తనకి భయం వేయాలి కదా అనుకుంది అక్క. వేయలేదు. ఈ పని అయిపోవాలి అన్నది తప్ప మనసులో ఏ అలికిడీ లేదు.

ఆహా, ఆ సరస్సు! గిరిశిఖరాల పాదపీఠాన పరుచుకున్న మరకతఫలకం! శిఖరాలు, మేఘాలు, దేవదారు వృక్షాలు అన్నీ తలకిందులుగా ఆ జలదర్పణంలో నిశ్చలంగా నిలిచి ఉన్నాయి. ఒడ్డునుంచి నీటిలోకి చెక్కల వంతెన. దాని పక్కనే నాచుపట్టిన బండరాయి. చలిగాలికి జనమంతా టీ కొట్టు దగ్గరే ఆగిపోయారు. బండమీద పెట్టె కెమెరా మూడు కాళ్ళమీద నిలబడి ఉంది. దానిమీద కప్పిన నల్లగుడ్డ కింద ఏదో గుండ్రంగా ఉబ్బెత్తుగా ఉంది. కెమెరా వెనక ఫోటోలాయన.

అక్క నీళ్ళలోకి చూసింది. బండరాయి నీడ ఉంది. కెమెరా మూడు కాళ్ళ నీడ ఉంది. మనిషి నీడ మాత్రం లేదు!

"రండి రండి! అక్కచెల్లెళ్ళా? పోలికలు తెలిసిపోతున్నాయి" అన్నాడు వాడు తియ్యగా. "ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ఎంత నిండుగా ఉంటుందో! ఏమ్మా, దిగుతావా?"

అక్క నోరు బిగించుకుంది. మాట్లాడకుండా బండ ఎక్కడం మొదలుపెట్టింది.

సూర్యుడు నడినెత్తికి చేరాడు. మబ్బులేని ఆకాశం దద్దరిల్లింది... ఫెళ్! ఫెళ్! ఫెళ్! దేవదారు కొమ్మల్లో ఎక్కడెక్కడి గుడ్లగూబలో ఒక్కసారిగా కూశాయి. వసపిట్ట ఎవరో పిలిచినట్టు తలెత్తింది. చెక్కల వంతెన మీద నడిచింది. చివరికి వెళ్ళినా ఆగలేదు. మెట్లమీంచి నీళ్ళలోకి... చీలమండలు... మోకాళ్ళు... నడుము!

"ఏయ్! ఏమేవ్!" కండక్టరు వెనకే దూకి భార్యని రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ సన్నటి మనిషిని కదిలించడం అతనివల్ల కాలేదు. నీటికింద ఏదో ఆమెని అటు లాగుతోంది.

"వదిలెయ్ రా!" గర్జించాడు మాంత్రికుడు. తియ్యదనం ఎటుపోయిందో, గొంతులో వెయ్యి పాములు బుసకొట్టాయి. "అది మాటిచ్చింది! ఇచ్చిన మాట సరస్సు మర్చిపోదు!"

కండక్టరు తన పని మొదలుపెట్టాడు. "నువ్వు అక్కడే ఉండు! కిందికి దిగొద్దు!"

వాడు పకపకా నవ్వాడు. "వస్తానురా. దీని పని కానీ, నీ దగ్గరికే వస్తా."

ఎత్తు పారలేదు. ఎన్నేళ్ళుగా నాలుకని కాచుకుంటున్నవాడు! కండక్టరు ముఖం పాలిపోయింది. నీళ్ళు వసపిట్ట భుజాలకి వచ్చాయి. ఆమె మాత్రం ప్రశాంతంగా ఎదురుగా చూస్తోంది. ఆ ప్రశాంతత చూస్తే ఎవరికైనా గుండె చెరువవుతుంది.

అప్పటికి అక్క బండ పైకి చేరింది. కెమెరా పక్కన వేలాడుతున్న రబ్బరు బుడ్డిని ఒక చేత్తో ఒడిసి పట్టింది. వాడు అంత భద్రంగా కప్పి దాచిందేమిటో చూద్దామని, రెండో చేత్తో నల్లగుడ్డని పట్టుకుని ఒక్క లాగు లాగింది!

కపాలం ఎగిరి పడింది! బండమీద టకటకమని దొర్లుతూ, పళ్ళు నూరుతూ, జారిజారి కింద వంతెన చెక్కలమీద పడి, నీటి అంచుదాకా వెళ్ళి ఆగింది.

"నా గురువు!!!"

మాంత్రికుడి కేకకి కొండలు మారుమోగాయి. అక్కని తోసేసి బండ అంచుకి ఉరికాడు. అక్క పడింది గానీ బుడ్డి వదల్లేదు. ఇప్పుడు వాడు నిలబడ్డది ఎక్కడో తెలుసా... సరిగ్గా తన కెమెరా కంటి ఎదురుగా!

కింద కండక్టరుకి పన్నాగాలేవీ గుర్తులేవు. భార్య గడ్డం నీళ్ళకి తగులుతోంది, పైనుంచి ఒకడు కపాలం కోసం దూకబోతున్నాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళని రోజూ తిట్టే గొంతు దానంతటదే లేచింది.

"ఓయ్! చెప్తే అర్థం కాదా? దిగొద్దన్నానా! దిగావో, పళ్ళు రాలతాయి!"

"దిగుతానురా!" బుసలుకొడుతూ అరిచాడు మాంత్రికుడు. "దిగి నీ పేగులు తీసి..."

అక్క బుడ్డి నొక్కింది.

టిక్.

గాలి ఆగిపోయింది. గుడ్లగూబలు నోళ్ళు మూశాయి. సరస్సు మీద చిన్న అల కూడా లేదు.

వాడి నోరు తెరుచుకునే ఉంది. తనేమన్నాడో అప్పటికి వాడికి వినపడింది. "కాదు... కాదు! నా ఉద్దేశం అది కాదు! కోపంలో అన్నాను! నేను తీసేవాణ్ణి... నేను తీసేవా..."

ఉద్దేశాలు సరస్సుకెందుకు? వసపిట్ట ఉద్దేశం మాత్రం అదా? వాడు ఇన్నేళ్ళూ ఆ మహాజలశక్తి తన దాసి అనుకున్నాడు. మంత్రాలతో ఆడిస్తున్నాననుకున్నాడు. ఆ తల్లి ఎవరి మంత్రానికీ లొంగింది కాదు, ఇస్తామన్నది తీసుకుంటూ వచ్చింది, అంతే. బండ కింద నీళ్ళు నెమ్మదిగా కదిలి, వాడి నీడ కోసం వెతికాయి. అటు చూశాయి, ఇటు చూశాయి. లేదు! నీడని ఏనాడో అమ్ముకున్నవాడి దగ్గర ఇవ్వడానికి ఇంకేం మిగిలింది? ఒళ్ళే!

సరస్సు లేచింది! ఆకుపచ్చటి జలస్తంభం బండ ఎత్తుకి లేచి, వాణ్ణి కాళ్ళనుంచి నెత్తిదాకా చుట్టేసింది! గుండెలు బద్దలయ్యే అరుపు ఒకటి... సగంలో నీళ్ళు నిండిపోయింది. దాచుకున్న ఏళ్ళన్నీ ఒక్కసారిగా మీదపడి, చర్మం ముడతలై, ముడతలు బూడిదై, కరిగి కరిగి... వాడు దిగాడు! వంతెన మీద కపాలం ఫటేలున పగిలింది. మూడుకాళ్ళ కెమెరా మోకాళ్ళమీద కూలబడి నీళ్ళలోకి జారిపోయింది.

తర్వాత సరస్సు అడుగునుంచి వెలుతురు ముక్కలు పైకి తేలడం మొదలైంది. ఒకటి, ఇంకొకటి, గుంపులు గుంపులుగా. నవ్వుతున్న ముఖాలు, చంకలో పిల్లలున్న తాతలు. గట్టుదాకా వచ్చి, ఎవరి ఊరివైపు వాళ్ళు గాలిలో కలిసిపోయారు. అక్క మోకాళ్ళు చెక్కుకుపోయిన సంగతి చూసుకోకుండా బండ దిగి పరిగెత్తింది.

"అమ్మో! చలి! చలిగా ఉంది చచ్చిపోతున్నా!"

ఆ కేక వసపిట్టది! మొగుడు ఆమెని వంతెన మీదికి లాగి పడేశాడు. తనూ పక్కన కూలబడి భోరుమని ఏడుస్తున్నాడు. ఆమె పళ్ళు టకటకలాడుతున్నాయి. పళ్ళు టకటకలాడినా నోరు మూతపడితేగా!

"ఏంటండీ అలా ఏడుస్తారు, నేనేం పోలేదుగా! ఫోటోకని నిలబడ్డాను, ఎలా జారానో ఏమో... నా చెప్పేది? కొత్తది కూడానూ! అబ్బా, చేతులెందుకింత మండుతున్నాయి, ఇవేంటి ఈ బొబ్బలు? కడుపులో తిప్పడం తగ్గిందా మీకు? అరె, అక్కా! నువ్వెప్పుడొచ్చావే ఇక్కడికి? క్లినిక్ లేదా?"

అక్క ఆమెని గట్టిగా పట్టేసుకుంది. తడి జుట్టు, వణికే భుజాలు, ఆపకుండా వాగే నోరు. తన చెల్లెలు. తన వసపిట్ట. కావాలనుకున్నది దొరికింది. సంతోషం కట్టలు తెంచుకుంది, ఊపిరి ఆడనంత సంతోషం.

"అబ్బ, వదులే, నలిపేస్తున్నావు" అని నవ్వింది వసపిట్ట. చెవి దగ్గరికి వంగి రహస్యంగా అంది. "అక్కా, అమ్మకి చెప్పకే. నీళ్ళలో పడ్డానని తెలిసిందంటే ఇంకెప్పుడూ ఎక్కడికీ పంపదు. వచ్చేటప్పుడు వంద జాగ్రత్తలు చెప్పింది. నేనే ఏదో ఒకటి చెప్పుకుంటాలే."

కండక్టరు ఏడుపు ఆగిపోయింది. అతను తల తిప్పి సరస్సు వైపు చూశాడు.

ఆ రోజు కుర్చీలు వేసింది ఈ చెల్లెలు కాదు. గ్లాసులు కడిగింది ఈ చెల్లెలు కాదు. ఈ చెల్లెలికి అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది, గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తూ ఉంది.

"ఏంటే అలా చూస్తున్నావు?" వసపిట్ట నవ్వు సగంలో ఆగింది. "చెప్పేశావా ఏంటి అప్పుడే? తిట్టిందా?"

అక్క తన పైట చెంగుతో చెల్లెలి ముఖం తుడిచింది. జుట్టు వెనక్కి తోసింది. కాలిన చేతుల్ని జాగ్రత్తగా, నొప్పి తగలకుండా, తన చేతుల్లోకి తీసుకుంది.

"కూర్చోవే" అంది. "ఇలా నా పక్కన కూర్చో."

గొంతులో ఇన్నాళ్ళూ అడ్డుపడి ఉన్నది అప్పుడు కదిలింది.